మోటారు సైకిలును పట్టుకోవలసింది తాడు, మనిషి కాదు

పాల్వంచ నుంచి సారపాక వెళ్ళే రోడ్డు మీద గాని, ఇల్లెందు నుంచి గుండాల వెళ్ళే అడవి దారిలో గాని, భద్రాచలం దాటి చర్ల వైపు గాని తరచు కనిపించే దృశ్యం ఒకటి వుంది. చిన్న వ్యాను వెనుక ఒక మోటారు సైకిలు నిలబెట్టి వుంటుంది. దాని పక్కన ఒక యువకుడు కూర్చుని వుంటాడు. అతని ఒక చెయ్యి బండి హ్యాండిలు మీద, రెండో చెయ్యి వ్యాను కమ్మీ మీద వుంటాయి. బండికి తాడు కట్టి వుంటే వుంటుంది, లేకుంటే లేదు. గుంట వచ్చినప్పుడల్లా బండీ మనిషీ కలిసి ఎగిరి పడుతుంటారు.

చూసి చూసి అందరికీ ఇది అలవాటై పోయింది. బండిని ఎక్కించిన తర్వాత వ్యాను డ్రైవరు వెంటనే అనే మాట "అన్నా, ఒకరు ఎనక ఎక్కి పట్టుకోండి" అని. బండి యజమాని కూడా అది సబబే అనుకుంటాడు. మనిషి పక్కన వుంటే బండి పడదని ఇద్దరికీ నమ్మకం. ఆ నమ్మకం తప్పు. వ్యానులో మోటారు సైకిలు తీసుకుపోవడంలో దోషం లేదు. దాన్ని పట్టుకునే పని తాడుకు అప్పగించకుండా మనిషికి అప్పగించడంలోనే దోషమంతా వుంది. ఈ పద్ధతి మానుకోవాలి. మానడానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

ఎక్కించక తప్పని పరిస్థితి

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవి అంచు గ్రామాల వారికి మోటారు సైకిలు ఇప్పుడు విలాస వస్తువు కాదు. బస్సు రాని ఊళ్ళకు అదే బస్సు. జ్వరంతో వున్న పిల్లవాడిని ఆస్పత్రికి చేర్చేది అదే. ఎరువు బస్తా, మందు డబ్బా, రేషను బియ్యం ఇంటికి తెచ్చేదీ అదే. చాలా కుటుంబాలు దాన్ని వాయిదాల మీద కొంటున్నాయి. బండి మూలన పడినా వాయిదా ఆగదు.

ఇంజను పట్టేసినా, చక్రం వంకర పోయినా కరకగూడెం, గుండాల, చర్ల వైపు ఊళ్ళలో పెద్ద మరమ్మతు చేసే మెకానిక్కు అందుబాటులో వుండడు. బండిని మణుగూరుకో, పాల్వంచకో, కొత్తగూడేనికో, భద్రాచలానికో తేవాలి. ప్రమాదంలో దెబ్బతిన్న బండ్లను తరలించేదీ వ్యానులోనే. ఉద్యోగులకు బదిలీ అయితే సామానుతో పాటు బండీ ఎక్కుతుంది. మిరప కోతలకు పోయే కూలీలు మూటా ముల్లెతో పాటు బండిని కూడా వేసుకు పోతారు. ఖమ్మంలో పాత బండి కొని, కాగితాలు సరిగా లేవనో, దూరం ఎక్కువనో వ్యానులో వేయించి తెచ్చుకునేవారూ వున్నారు. వానాకాలంలో వాగులు పొంగితే బండ్లు ట్రాక్టర్లు ఎక్కుతాయి.

2005లో టాటా ఏస్ వచ్చాక ఇలాంటి చిన్న వ్యానులు మండల కేంద్రాలలో కూడా అడ్డాల మీద దొరుకుతున్నాయి. అంతకు ముందు లారీ కోసమో, ట్రాక్టరు కోసమో ఎదురు చూడవలసి వచ్చేది. వ్యాను రావడం ప్రజలకు మేలే చేసింది. అయితే ఆ వ్యాను కూరగాయలకు, బస్తాలకు, సామానుకు తగినట్టుగా తయారైంది గాని, రెండు చక్రాల బండిని నిలబెట్టి తీసుకు పోవడానికి కాదు. అందులో బండిని ఎక్కించేవారు ఈ సంగతి మరచి పోరాదు.

బరువు చేతికి లొంగదు

కొలతలు చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. చిన్న వ్యాను తొట్టి సుమారు ఏడడుగుల పొడవు వుంటుంది. దాని పక్క రేకులు అడుగు ఎత్తుకు మించవు. ఊళ్ళలో ఎక్కువగా వాడే 100 సి.సి. మోటారు సైకిలు పొడవు ఆరున్నర అడుగులు, ఎత్తు మూడున్నర అడుగులు, బరువు 110 కిలోలకు పైనే. బుల్లెట్ వంటి పెద్ద బండ్ల బరువు 190 కిలోలు దాటుతుంది. అంటే బండి బరువులో ఎక్కువ భాగం వ్యాను పక్క రేకు కంటే ఎత్తున వుంటుంది. ఒరిగిన బండిని ఆ అడుగు రేకు ఆపలేదు.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న వ్యానుకు గేదె అడ్డం వచ్చిందనుకుందాం. డ్రైవరు బ్రేకు వేసి పది మీటర్లలో బండిని ఆపాడు. ఆ కొద్ది క్షణాల పాటు 110 కిలోల మోటారు సైకిలు ముందుకు తోసే బలం సుమారు 70 కిలోల బరువుతో సమానం. పక్కన కూర్చున్న మనిషి శరీరం కూడా అదే సమయంలో ముందుకు తూలుతూ వుంటుంది. తన్ను తాను నిలదొక్కుకోలేని మనిషి ఒక చేత్తో 70 కిలోల తోపును ఎలా ఆపగలడు? ఢీకొన్నప్పుడు ఆ బలం ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మలుపుల్లో మరో ప్రమాదం వుంది. వ్యాను ఎడమకు తిరిగితే బండి కుడికి ఒరుగుతుంది. మనిషి కూర్చున్నది కుడివైపు అయితే హ్యాండిలు కొన వచ్చి అతని ఛాతీకి తగులుతుంది. ఎడమవైపు అయితే బండి అతన్ని తనతో పాటు ఈడ్చుకు పోతుంది. చింతూరు నుంచి మారేడుమిల్లి వెళ్ళే ఘాటు రోడ్డు ఎక్కిన వ్యానులో ఇది ఒక్కసారి జరిగేది కాదు, మలుపు మలుపుకూ జరిగేది. పైగా బండి ఒరిగినప్పుడు వదిలేసి పక్కకు తప్పుకుందామన్న ఆలోచన మనిషికి రాదు. పడుతున్న వస్తువును పట్టుకోబోవడం మనిషి స్వభావం. అక్కడే వేళ్ళు నలుగుతాయి, కాళ్ళు విరుగుతాయి, మనిషి తొట్టి మీదుగా రోడ్డున పడతాడు.

వెనుక ఎక్కేది ఎవరో కూడా గమనించాలి. బండి యజమాని కేబినులో డ్రైవరు పక్కన కూర్చుంటాడు. వెనుక ఎక్కేది అతని తమ్ముడో, జీతగాడో, మెకానిక్కు షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాడో అవుతాడు. ఇంట్లో, పనిలో కాదనలేని వాడి మీదే ఈ పని పడుతుంది. ఎక్కనంటే భయస్తుడని నవ్వుతారు. బండి గీత పడకుండా వుండడానికి ఒక పిల్లవాడి ప్రాణాన్ని అడ్డు పెట్టడమే ఇది. తెలిసి ఎవరూ అలా చేయరు. తెలియక రోజూ చేస్తున్నారు.

నాలుగు మూలలా కట్టాలి

మనిషి అవసరం లేకుండా బండి నిలబడాలంటే నాలుగు తాళ్ళు కావాలి. ముందు రెండు, వెనుక రెండు. ఒకే తాడు హ్యాండిలుకు చుట్టి వ్యాను కమ్మీకి ముడి వేయడం కట్టినట్టు కాదు. ఒకవైపు లాగే తాడు రెండో వైపు పడకుండా ఆపుతుందేమో గాని, తానున్న వైపు పడకుండా ఆపలేదు. గడ్డిబండి మీద మోకు వేసి బిగించడం తెలిసిన రైతుకు ఈ విషయం వివరించనక్కర లేదు. మోకు ఒక పక్కన వదులైతే గడ్డి రెండో పక్కకు జారుతుందని అతనికి తెలుసు. అదే తెలివిని వ్యానులో కూడా వాడాలి.

బండి ముందు చక్రాన్ని తొట్టి ముందు గోడకు, అంటే కేబిను వైపు రేకుకు, ఆనించి నిలబెట్టాలి. బండి తొట్టికి మధ్యలో వుండాలి. చక్రానికి అటూ ఇటూ ఇసుక బస్తాలు పెడితే పక్కకు జరగదు. ఆ బస్తాలు కూడా జారకుండా వుండాలి. ఇనుప రేకు మీద వాన నీరో, బురదో వుంటే చక్రం జారుతుంది కనుక కింద గోనె సంచులు పరవాలి.

ముందు తాళ్ళు ఎక్కడ కట్టాలన్నది ముఖ్యం. హ్యాండిలు కొసలకు కడితే రబ్బరు పిడులు జారిపోతాయి, క్లచ్చి, బ్రేకు లీవర్లు వంగిపోతాయి. అద్దాలకు, ఇండికేటర్లకు, మడ్గార్డులకు అసలు కట్టరాదు. హ్యాండిలుకు కింద, రెండు ముందు షాకబ్జర్లను కలిపి పట్టుకునే గట్టి ఇనుప భాగం వుంటుంది. దానికి కట్టాలి. అక్కడి నుంచి ఒక తాడు ఎడమ ముందు మూలకు, ఒక తాడు కుడి ముందు మూలకు కిందికి ఏటవాలుగా పోవాలి. వెనుక తాళ్ళు సీటు కింది చట్రానికి గాని, సీటు వెనుక గట్టిగా బిగించి వున్న పట్టుకమ్మీకి గాని కట్టి, వెనుక మూలలకు లాగాలి. సైలెన్సరుకు కట్టరాదు. వేడికి నైలాను తాడు కరిగి తెగుతుంది.

ముందు తాళ్ళు బిగించేటప్పుడు ఒక మనిషి హ్యాండిలు మీద బరువు వేసి షాకబ్జర్లను కొంత కిందికి నొక్కాలి. అలా నొక్కి వుంచినప్పుడే ముడి వేయాలి. కారణం వుంది. నొక్కకుండా కట్టిన తాడు, వ్యాను గుంటలో పడి షాకబ్జర్లు కిందికి దిగినప్పుడల్లా వదులవుతుంది. ఆ క్షణంలో బండి ఒరుగుతుంది. నొక్కి కడితే షాకబ్జర్లు పైకి లేవాలని ఎప్పుడూ తోస్తూనే వుంటాయి కనుక తాడు బిగువు తగ్గదు. అయితే పూర్తిగా అడుగంటా నొక్కరాదు. ఆయిలు సీళ్ళు పాడవుతాయి. సగం దాకా దిగితే చాలు.

స్టాండు సంగతిలో చాలామంది పొరపడుతున్నారు. సైడు స్టాండు మీద నిలబెట్టి కడితే గట్టిగా వుంటుందని అనుకుంటారు. అది నిజం కాదు. గుంటల దెబ్బలకు ఆ బరువంతా స్టాండు మీద పడి అది వంగుతుంది, కొన్నిసార్లు విరుగుతుంది. విరిగిన క్షణంలో తాళ్ళన్నీ వదులవుతాయి. డబుల్ స్టాండు మీద పెడితే ఒక చక్రం గాలిలో వుంటుంది, బండి ఇంకా తేలికగా దొర్లుతుంది. రెండు స్టాండ్లూ పైకి ఎత్తి, రెండు చక్రాలూ నేలకు ఆనించి, తాళ్ళ బిగువు మీదనే నిలబెట్టాలి. మొదటి గేరు వేసి వుంచాలి.

తాడు ఎలాంటిదన్నది కూడా చూసుకోవాలి. పాత ట్యూబు ముక్కలతో కట్టడం పల్లెల్లో మామూలు. రబ్బరు సాగుతుంది. సాగేది బరువును ఆపలేదు. ఎండకు మాడిన కొబ్బరి తాడు, ముడులు పడిన పాత పలుపు పనికి రావు. వేలు లావు కొత్త నైలాను తాడు మంచిదే గాని, అది కూడా బిగించిన కొద్దిసేపటికి, ముఖ్యంగా తడిసినప్పుడు, కొంత సాగుతుంది. లారీల వాళ్ళు వాడే రాచెట్ బెల్టులు అన్నిటి కంటే మేలు. అవి హార్డువేరు షాపుల్లో దొరుకుతాయి. రేకు అంచు మీదుగా పోయే చోట తాడు కింద గోనె గుడ్డ మడిచి పెట్టాలి. లేకుంటే గుంటలకు రాసుకుని రాసుకుని తాడు కోసుకు పోతుంది.

బయల్దేరాక నాలుగైదు కిలోమీటర్లు పోయి ఆగాలి. తాళ్ళు చూసి మళ్ళీ బిగించాలి. భద్రాచలం నుంచి కొత్తగూడెం సుమారు 40 కిలోమీటర్లు. మధ్యలో టీకి ఎలాగూ ఆగుతారు. ఆగిన ప్రతిసారీ తాడు మీద చెయ్యి వేసి చూస్తే సరిపోతుంది. "వెనుక మనిషి లేకుంటే తాడు వదులైతే ఎవరు చూస్తారు" అనే ప్రశ్నకు ఇదే సమాధానం. చూడడానికి మనిషి కావాలి గాని, పరుగెత్తే వ్యాను వెనుక కూర్చుని కాదు, ఆగిన వ్యాను పక్కన నిలబడి.

రెండు బండ్లు ఎక్కించవలసి వస్తే ఒకదానికొకటి కట్టరాదు. ఒకటి ఒరిగితే రెండో దాన్ని కూడా పడగొడుతుంది. దేని తాళ్ళు దానికే వుండాలి. మధ్యలో గోనె సంచులు వేలాడదీయాలి.

ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు

ప్రయాణంలో కంటే ఎక్కించేటప్పుడు దెబ్బలు తగిలించుకునేవారూ వున్నారు. ఇంజను స్టార్టు చేసి, బండి మీద కూర్చుని, పలక మీదుగా వ్యానులోకి ఎక్కించడం కొందరు కుర్రవాళ్ళకు సరదా. పలక జారినా, చక్రం పక్కకు పోయినా కాలు ఆనించడానికి కింద నేల వుండదు. రెండున్నర అడుగుల ఎత్తు నుంచి బండి మీద పడుతుంది. ఇంజను ఆపి, నెట్టి ఎక్కించడమే పద్ధతి.

పలక వీలైనంత పొడవుగా, కనీసం ఏడెనిమిది అడుగులు, వుండాలి. జానెడు వెడల్పు పలక చాలదు. దాని పై కొనను వ్యానుకు తాడుతో కట్టాలి. అసలు పలక లేని చోట పల్లెవాసులకు తెలిసిన ఉపాయమే మంచిది. వ్యానును చెరువు కట్ట పక్కకో, రోడ్డు గట్టు పక్కకో వెనక్కి తెచ్చి నిలిపితే ఎత్తు తగ్గుతుంది. చిన్న పలకతో పని జరుగుతుంది. ముగ్గురు మనుషులు కావాలి. ఒకరు ఎడమ పక్కన నడుస్తూ హ్యాండిలు, ముందు బ్రేకు చూసుకోవాలి. ఇద్దరు పక్కల నుంచి నెట్టాలి. బండికి సరిగ్గా వెనుక ఎవరూ నిలబడరాదు. దించేటప్పుడు కూడా ఇంతే. బండిని వెనక్కి నెమ్మదిగా వదులుతూ, ముందు బ్రేకు కొద్ది కొద్దిగా పట్టుకుంటూ దించాలి.

పెట్రోలు విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. రైల్లో మోటారు సైకిలు పార్సిలుగా పంపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలన్నది నిబంధన. వ్యానుకు అలాంటి పట్టింపు లేదు గనుక నిండు ట్యాంకుతో ఎక్కిస్తున్నారు. పెట్రోలు తగ్గించి, కాకు వున్న బండ్లకు కాకు కట్టేయాలి. బండి దగ్గర బీడీ, సిగరెట్టు వెలిగించరాదు. బండిని పడుకోబెట్టి తీసుకుపోవడం అన్నిటి కంటే చెడ్డ పద్ధతి. ట్యాంకు మూత నుంచి పెట్రోలు కారుతుంది. ఇంజను ఆయిలు ఎయిర్ ఫిల్టరులోకి చేరుతుంది. అలా తెచ్చిన బండిని నిలబెట్టిన వెంటనే కిక్కు కొట్టరాదు. మెకానిక్కు చూసిన తర్వాతే స్టార్టు చేయాలి.

చట్టం ఏమంటోంది?

వెనుక మనిషిని కూర్చోబెట్టడంలో మరో పెద్ద నష్టం వుంది. అది ప్రమాదం జరిగిన తర్వాత గాని తెలియదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకు వ్యాను సరుకులకే గాని మనుషులకు కాదు. 1994లో ఆ చట్టాన్ని సవరించి, సరుకు యజమానికి గాని, అతని తరఫు మనిషికి గాని బీమా రక్షణ కల్పించారు. ఇది మంచి సవరణే. అయితే ఆ రక్షణ ఎక్కడ కూర్చున్నవారికి? ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన అప్పీళ్ళలో 2007లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. సరుకు యజమాని గాని, అతని ప్రతినిధి గాని కేబినులో ప్రయాణిస్తున్నప్పుడే ఆ రక్షణ వర్తిస్తుందని చెప్పింది.

దీని అర్థం పల్లె జనానికి తెలియాలి. మోటారు సైకిలు ఇక్కడ సరుకు. దాని యజమాని కేబినులో కూర్చుంటే అతనికి చట్టం అండ వుంది. వెనుక బండిని పట్టుకుని కూర్చున్న కుర్రవాడికి ఏమైనా అయితే బీమా కంపెనీ మాకు సంబంధం లేదనవచ్చు. అప్పుడు పరిహారం భారం వ్యాను యజమాని నెత్తిన పడుతుంది. అతను కూడా ఫైనాన్సు మీద వ్యాను కొని, కిరాయిల మీద వాయిదాలు కట్టుకునే మనిషే. అతని దగ్గర ఇవ్వడానికి ఏముంటుంది? బాధిత కుటుంబం కోర్టుల చుట్టూ తిరగాలి, వ్యాను యజమాని వ్యాను అమ్ముకోవాలి. కనుక వెనుక ఎవరినీ ఎక్కనివ్వక పోవడం వ్యాను యజమాని స్వప్రయోజనం కూడా.

వెనుక తలుపు తెరిచి, బండి వెనుక చక్రం బయటకు వచ్చేలా పెట్టుకు పోవడం మరో అలవాటు. చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, వాహనం బయటకు సరుకు పొడుచుకు వచ్చేలా తీసుకుపోతే జరిమానా 20 వేల రూపాయలు. వంద, రెండు వందల కిరాయి దగ్గర బేరమాడి పెద్ద వ్యాను బదులు చిన్న వ్యాను మాట్లాడుకునేవారు ఈ అంకె గుర్తుంచుకోవాలి. జరిమానా మాట అటుంచినా, రాత్రిపూట వెనుక వచ్చేవాడికి ఆ చక్రం కనిపించదు. తలుపు మూసి గొళ్ళెం పడేంత తొట్టి వున్న వ్యానే మాట్లాడుకోవాలి.

బండికి జరిగే నష్టం సంగతి కూడా చూద్దాం. మోటారు సైకిలుకు సమగ్ర బీమా వుంటే, రోడ్డు మీదో, రైల్లోనో తరలిస్తుండగా జరిగిన నష్టం కూడా ఆ పాలసీ కిందకు వస్తుంది. ఈ సంగతి తెలిసినవారు తక్కువ. థర్డ్ పార్టీ బీమా మాత్రమే వుంటే పైసా రాదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త మోటారు సైకిలు కొన్నప్పుడు ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేశారు. సొంత బండి నష్టానికి ఇచ్చే భాగం మాత్రం చాలా పాలసీల్లో ఏడాదితో ముగిసి పోతుంది. ఐదేళ్ళ కాగితం చేతిలో వుంది గదా అని ధీమాగా వున్నవారు ఆ కాగితాన్ని ఒకసారి చదువుకున్న వారి చేత చదివించుకోవాలి.

వరద రోజుల్లో

గోదావరి ఒడ్డు గ్రామాలకు ఇది మరింత ముఖ్యం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. భద్రాచలం, బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల మండలాలతో పాటు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు వైపు ఊళ్ళు కూడా గోదావరికి, శబరికి వరద వస్తే చిక్కుకుంటాయి. 1986లో ఆ ఊళ్ళ వారు మనుషులను, పశువులను, ధాన్యాన్ని కాపాడుకోవాలని చూశారు. ఇప్పుడు ఆ జాబితాలో మోటారు సైకిలు కూడా చేరింది. చేరడం న్యాయమే. నీట మునిగిన ఇంజను బాగు చేయించడానికి పేదవాడి నెలల సంపాదన ఖర్చవుతుంది.

అయితే ఆఖరి ఘడియలో ట్రాక్టరు ట్రక్కులో పిల్లలు, ముసలివారు, మూటలు, మేకలు, వాటి మధ్యనే ఏ కట్టూ లేని మోటారు సైకిలు ఎక్కించడం ప్రమాదకరం. ట్రాక్టరు ట్రక్కుకు వ్యానుకు వున్నట్టు మెత్తని స్ప్రింగులు వుండవు. ప్రతి రాయీ బండికి తెలుస్తుంది. నీటిలో రోడ్డు అంచు కనిపించని చోట ట్రక్కు ఒక పక్కకు ఒరిగితే ముందు పడేది బండే, దాని కింద పడేది పక్కనున్న పిల్లలే. మనుషులున్న ట్రక్కులో మోటారు సైకిలు ఎక్కించరాదు. ఈ ఒక్క విషయంలో రాజీ వుండకూడదు.

దీనికి మార్గం వుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక వినగానే, రోడ్డు తేలి వుండగానే, బండిని నడుపుకుంటూ మెరకనున్న బంధువుల ఊళ్ళో వదిలి రావాలి. మూడవ హెచ్చరిక దాకా ఆగితే రోడ్డు వుండదు. అప్పటికీ బండి ఇంటి దగ్గరే వుండి పోతే దాన్ని వదిలేసి మనుషులు బయట పడాలి. మునిగిన బండిని నీరు తీశాక కిక్కు కొట్టకుండా మెకానిక్కుకు చూపించుకుంటే బాగు పడుతుంది.

ఎవరు ఏం చేయాలి?

తాళ్ళకు డబ్బెవరు పెట్టాలని వ్యానుల వారు అడగవచ్చు. తాడు ఖర్చు కిరాయిలో కలుపుకోవడం న్యాయమే. బండి యజమాని ఆ కొద్ది మొత్తం ఇవ్వడానికి వెనకాడరాదు. ఒక్క క్లచ్చి లీవరు, ఒక్క అద్దం, ఒక్క ఇండికేటరు విరిగితే అయ్యే ఖర్చు కంటే అది ఎక్కువ కాదు. ఒకసారి కొన్న బెల్టులు ఏళ్ళ తరబడి పనికి వస్తాయి. వ్యాను తొట్టిలో నాలుగు మూలలా గట్టి ఇనుప రింగులు వెల్డింగు చేయించుకుంటే కట్టడానికి తావు దొరుకుతుంది. ఆ రింగులు మోటారు సైకిలుకే కాదు, బీరువాకు, నీళ్ళ మోటారుకు, గ్యాసు సిలిండర్లకు కూడా ఉపయోగపడతాయి.

పక్క ఊరే గదా, రెండు కిలోమీటర్లే గదా అనే మాట కూడా వినిపిస్తుంది. గుంట మొదటి కిలోమీటరులో వుండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. నాలుగు తాళ్ళు కట్టడానికి పావుగంట చాలు. పొలం నుంచి గడ్డి తెచ్చేటప్పుడు రెండు ఫర్లాంగులే గదా అని మోకు వేయకుండా ఏ రైతూ బండి తోలడు.

అడ్డాల మీద వ్యాను యజమానుల, డ్రైవర్ల సంఘాలు ఈ విషయంలో ముందుకు రావాలి. మోటారు సైకిలు ఎక్కిస్తే నాలుగు కట్లు వుండాలి, వెనుక మనిషి వుండరాదు అని సంఘం ఒక్క మాట అనుకుంటే చాలు. ఒక డ్రైవరు కాదన్న కిరాయిని రెండో డ్రైవరు ఒప్పుకునే పరిస్థితి వుండదు. మెకానిక్కుల బాధ్యత కూడా వుంది. బండిని వ్యానులో తెమ్మని ఫోనులో చెప్పేది వారే. తెమ్మనేటప్పుడే ఎలా కట్టి తేవాలో చెప్పడం వారికి భారం కాదు. షెడ్డులో పని నేర్చుకునే పిల్లలను వెనుక ఎక్కించి పంపడం వెంటనే మానాలి.

రవాణా శాఖ, పోలీసు అధికారులు హెల్మెట్లు, లైసెన్సులు తనిఖీ చేస్తున్నారు. అదే తనిఖీలో వ్యాను వెనుక మనిషి కనిపిస్తే జరిమానా రాసి పంపేయడంతో సరిపెట్టరాదు. అతన్ని దించి, బండిని సరిగా కట్టించి పంపాలి. జరిమానా కట్టిన డ్రైవరు మలుపు దాటాక మనిషిని మళ్ళీ ఎక్కించుకుంటే ప్రయోజనమేముంది? రోడ్డు భద్రత కార్యక్రమాలలో ఒక వ్యానును, ఒక మోటారు సైకిలును తెచ్చి కట్టి చూపిస్తే గంట ఉపన్యాసం కంటే ఎక్కువ పని జరుగుతుంది. కోయ భాష మాట్లాడే గూడేలలో ఆ భాషలోనే చెప్పించాలి.

గోదావరి ఒడ్డు పంచాయతీలు వానాకాలానికి ముందు పడవలు, లైఫ్ జాకెట్లు, టార్చిలైట్లు సిద్ధం చేసుకుంటాయి. ఆ జాబితాలో గట్టి తాళ్ళు, రెండు పొడవాటి పలకలు కూడా చేర్చాలి. మొదటి హెచ్చరిక సమయంలో టముకు వేయించేటప్పుడు మోటారు సైకిళ్ళను మెరకకు చేర్చుకోండని ఒక మాట కలపాలి.

వీటిలో ఏ పనికీ హైదరాబాదు నుంచి నిధులు రానక్కర లేదు, కొత్త చట్టం చేయనక్కర లేదు. బండి యజమాని, వ్యాను డ్రైవరు ఒక్క నిర్ణయం తీసుకుంటే అడ్డా మీదనే మార్పు వస్తుంది. తాడు లేకుంటే బండి ఎక్కించరాదు. ఎక్కించిన తర్వాత వెనుక మనిషి వుండరాదు. ఈ రెండు నియమాలు పాల్వంచ, ఇల్లెందు, మణుగూరు, భద్రాచలం, అశ్వారావుపేట అడ్డాల మీద వచ్చే వానాకాలం లోపు అమలులోకి రావాలి.